నొప్పి లేదని పరీక్ష మానకండి

"నాకే జబ్బూ లేదు గదండీ, ఈ పరీక్ష నాకెందుకు?" తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పల్లెల్లోకి స్విమ్స్ వారి కేన్సర్ పరీక్షల పింక్ బస్సు వచ్చినప్పుడు ఏ గృహిణికైనా కలిగే సందేహమే ఇది. గర్భాశయ ముఖద్వారపు కేన్సర్ ఎలా మొదలవుతుందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ఈ కేన్సర్ దాదాపు ఎప్పుడూ హ్యూమన్ పాపిలోమా అనే వైరస్ వల్లనే వస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

వైరస్ దాంపత్య సంబంధం వల్ల సోకుతుంది. దాని డి.ఎన్.ఏ. చిన్న ఉంగరంలా ఉంటుంది. మన కణంలో చేరాక 'ఇ2' అనే వైరస్ మాంసకృత్తు ఆ ఉంగరం మీద తన చోటు చూసుకుని అతుక్కుంటుంది. 'ఇ1' అనే మరో మాంసకృత్తును పిలిచి పక్కన కూర్చోబెడుతుంది. ఇ1 తాడు పురి విప్పినట్లు డి.ఎన్.ఏ. పేటలను విప్పుతుంది. ఇక మన కణంలోని సరంజామాతోనే వైరస్‌కు నకళ్లు తయారవుతాయి. పొయ్యి మనది, బియ్యం మనవి, విందు దానిది!

చాలామందిలో శరీరమే రెండేళ్లలోగా దీన్ని వదిలించుకుంటుంది. కొందరిలో మాత్రం తిష్ట వేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఉంగరం తెగి మన డి.ఎన్.ఏ.లో కలిసిపోతుంది. ఆ తెగడంలో తరచు ఇ2 పాడవుతుంది. ఇ6, ఇ7 అనే హానికరమైన మాంసకృత్తులకు కళ్లెం వేసేది కూడా ఈ ఇ2నే! కళ్లెం ఊడితే కణాలు అదుపు తప్పుతాయి. సోకిన నాటినుంచి కేన్సర్ కావడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అందులో చాలాకాలం నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు.

ఇ1, ఇ2ల పొత్తు చెడగొట్టే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. కాని ఆ గడువు మనకు అనుకూలమే. 30 దాటిన స్త్రీలు 65 వరకూ అయిదేళ్లకొకసారి పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్ వంటి ద్రావకం అద్ది చూసే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. తేడా కనిపించినంత మాత్రాన కేన్సర్ అని బెంబేలు పడకండి. ఆ దశలో చిన్న చికిత్సతోనే సరిచేయవచ్చు. ముట్లుడిగాక గాని, కలయిక తర్వాత గాని రక్తం కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. అందులో వైరస్ పైతొడుగు మాంసకృత్తే తప్ప డి.ఎన్.ఏ. ఉండదు, కనుక టీకా వల్ల ఆ వైరస్ సోకదు. టీకా వేయించుకున్నవారు కూడా పెద్దయ్యాక పరీక్ష మానరాదు.

వైరస్ ఉందంటే నడత మీద నింద కాదు. సిగ్గుపడి దాచుకుంటేనే ముప్పు.