ఒప్పులకుప్ప ఆగినా తిరుగుడు ఎందుకు ఆగదు?

బాన్సువాడ నుంచి ఒకటో తరగతి పంతులమ్మ ఒకరు రాశారు: "పిల్లల్తో కాసేపు గెంతులూ ఒప్పులకుప్పలూ ఆడించి, తర్వాత కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి ఏమనిపించిందో చెప్పమంటున్నాను. తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కలకు పునాది వేసే కార్యక్రమం) పాఠాల మధ్య దీనికి చోటుందా? ఇది చదువేనా?"

ముమ్మాటికీ చదువే. పసివాళ్ళు గంటల తరబడి కదలకుండా కూర్చోలేరనీ, ఆడి వచ్చాక పాఠం మీద మనసు నిలుస్తుందనీ అందరికీ తెలిసిందే. ఆ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఒప్పులకుప్ప. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి ఆగినా, ఒళ్ళు ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది. దాని గుట్టు చెవిలో ఉంది.

మన లోపలి చెవిలో, పక్కకు మూడేసి, అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. అవి సన్నటి వంపు గొట్టాలు, ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి, నిండా ద్రవంతో ఉంటాయి. ప్రతి గొట్టంలో ఒకచోట జిగురు తెర అడ్డంగా నిలబడి ఉంటుంది. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది, ద్రవం మాత్రం వెంటనే కదలదు. దాంతో తెర వంగుతుంది, అందులోకి చొచ్చుకున్న కణాల కేశాలూ వంగుతాయి. "తిరుగుతున్నాం" అని మెదడుకు కబురు వెళ్తుంది.

అసలు తమాషా ఆగినప్పుడు. గిన్నెడు నీళ్ళలో చిటికెడు పసుపు చల్లి గిన్నెను గుండ్రంగా తిప్పండి. నీళ్ళు మొదట కదలవు, కాసేపటికి గిన్నెతోపాటు తిరుగుతాయి, గిన్నె ఆపినా తిరుగుతూనే ఉంటాయి. చెవిలోనూ అంతే. ఆట ఆగినా ద్రవం ముందుకు సాగి తెరను రెండో పక్కకు వంచుతుంది. కుడివైపు తిరిగి ఆగి కళ్ళు మూసుకున్న పిల్లకు తాను ఎడమకు తిరుగుతున్నట్టుంటుంది! తెర కొన్ని సెకన్లలోనే సర్దుకుంటుంది కానీ, మెదడు ఆ కబురును ఇంకాస్త సాగదీస్తుంది.

ఇది తేలడానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది. 1820ల్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే తనమీదే ప్రయోగం చేసుకున్నాడు. తల వంచి తిరిగి, ఆగాక తల ఎత్తితే, ఆ తిరుగుడు కూడా తలతోపాటే ఒరుగుతుందని పట్టుకున్నాడు. గమనింపు అమోఘం, కారణమే తప్పు: పుర్రెతో సమానంగా కదల్లేక మెదడు వెనకబడుతుందనుకున్నాడు. అదే దశకంలో ఫ్రాన్సులో ఫ్లూరెన్స్ అనే శాస్త్రవేత్త పావురాల కుల్యలు కోస్తే, ఏ కుల్య తెగితే ఆ దిశలో తల ఊగింది. జవాబు చేతిలోనే ఉన్నా ఆయనకు తట్టలేదు. చివరికి 1873–75 మధ్య మాఖ్, బ్రాయర్, క్రమ్ బ్రౌన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ద్రవం గుట్టు విప్పారు. 1882లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 519 మంది బధిరుల్ని గిరగిరా తిప్పి పరీక్షిస్తే 186 మందికి కళ్ళు తిరగనే లేదు. లోపలి చెవి దెబ్బతింటే వినికిడితోపాటు ఇదీ పోవచ్చన్నమాట.

పుర్కిన్యే చేసిందల్లా తిరగడం, ఆగడం, లోపల ఏం జరుగుతోందో గమనించడం. మన పిల్లలు తరతరాలుగా మొదటి రెండూ చేస్తూనే ఉన్నారు, కొరవడింది మూడోది. అయితే "ఎట్లనిపించింది?" అంటే ఆరేళ్ళవాడు "మంచిగనిపించింది టీచర్" అంటాడు, కథ కంచికి. "ఎటు తిరుగుతున్నట్టుంది?" అని అడగండి, పలక మీద బాణం గీయమనండి. రెండోసారి ఎదురువైపు తిప్పండి, ఈసారి బాణం ముందే గీయించండి. అనుకున్నదీ అయినదీ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు, ఆలోచన అక్కడ మొదలవుతుంది. మంజీర ఏటి ఇసుక పోసిన చోటైతే మేలు. ఆగగానే చతికిలబడాలి, వికారం వచ్చే పిల్లలు తిరగకుండా బాణాలు లెక్కపెడతారు.

లాభమేమిటంటారా? కుడిచేత్తో ఎడమ మోకాలు తాకితే మెదడు రెండు సగాలూ కలుస్తాయనే 'బ్రెయిన్ జిమ్' మాటలు మాత్రం నమ్మకండి. దాదాపు 20 కోట్ల నరాల పోగులు ఆ సగాలను ఎప్పుడో కలిపాయి. ఒప్పులకుప్పతో లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేనూ చెప్పను. తన ఒళ్ళే తనకు అబద్ధం చెబుతుందని ఆరేళ్ళ పిల్ల కనిపెట్టి, ఆ అబద్ధం ఎటువైపో ముందే చెప్పగలిగితే అది సైన్సు. దానికి టైంటేబుల్లో చోటు లేకపోతే మార్చాల్సింది టైంటేబుల్నే.