జమ్ముకోడియు, నీటి యాఖువును

మన చెరువుల జమ్మునడుమ, నొసట ఎఱ్ఱని బిళ్ళతో తోక విదుర్చుచు దిరుగు జమ్ముకోడిని మీలో పెక్కండ్రు చూచియే యుందురు. ఆ జాతిపక్షియే ఇంగ్లండు కాలువలందును గలదు. అచ్చట దానికి పొరుగున నుండు చిన్న జంతువును వాటర్ వోల్ అందురు. మొద్దుముక్కు, బొచ్చులో దాగిన చెవులు, రోమములు గల తోక దాని గుర్తులు. 1908లో కెన్నెత్ గ్రాహం వ్రాసిన "ది విండ్ ఇన్ ది విల్లోస్" అను బాలల కథలోని రాటీ యిదియే. ఎలుక యని భ్రమించి దీనిని జంపినవారును గలరు. అమరకోశమున ఎలుకకు మూషికమనియు, ఆఖువనియు పేళ్ళు గలవు. మొదటిదానికి దొంగ యనియు, రెండవదానికి త్రవ్వునది యనియు నర్థము. మా బియ్యపు బస్తా నెఱిగిన మూషికము వేఱు. ఒడ్డున గడ్డి మేసి బ్రతుకు నీ ప్రాణిని ఆఖువనుటయే న్యాయము.

జమ్ముకోడి యేటికి రెండుమూడు మారులు పొదుగును. ముందు పుట్టిన పిల్లలు వెనుకటివానికి మేత యందించుటయు గలదు. ఆఖువునకును సంతానమునకు కొదువ లేదు. అయినను జమ్ముకోడి నగరోద్యానముల కొలనులందు సైతము సుఖముగా నుండగా, ఆఖువు 20వ శతాబ్దమున బ్రిటనులో దాదాపు నూటికి 90 పాళ్ళ తావులనుండి మాయమయ్యెను.

పశువులు ఒడ్డులను త్రొక్కుట, కాలువగట్లను నిటారుగా చెక్కుట కొంత కారణము. అంతకు మించినది మింకు. మెత్తని రోమచర్మము కొఱకు ఉత్తర అమెరికానుండి 1929 ప్రాంతమున దెచ్చి పెంచిన, ముంగిసవంటి మృగమిది. బోనులు తప్పించుకొని నదులు చేరెను. బయట పిల్లలు పెట్టుచున్నట్లు 1956లో డెవనులో కనుగొనిరి. శత్రువును గాంచినచో ఆఖువు బుడుంగున మునిగి, నీటిలోని ద్వారమున బొరియ చేరును. కొంగకు, గుడ్లగూబకు ఈ యుపాయము చాలును. సన్నని యాడుమింకు ఆ బొరియలోనికే దూరి తల్లిని, పిల్లలను గూడ దినివేయును. మింకు జమ్ముకోడినిని వదలదు. కాని దానికి ఱెక్కలున్నవి, ఒక కొలను పోయిన వేఱొకటి చేరును. ఆఖువునకు పుట్టిన యొడ్డే లోకము.

ఆ చర్మపు కోట్లు తొడిగినవారు మనవంటి స్త్రీలే యని చదివి సిగ్గుపడితిని. మన పట్టుచీరల మాట జ్ఞప్తికి వచ్చి, వారిని నిందింప నోరాడలేదు.

2000లో చేసిన చట్టము ఇంగ్లండున నట్టి పెంపకములను మాన్పించెను. 2008 నుండి ఆఖువును, దాని బొరియను చట్టము కాపాడుచున్నది. నేడు నదులలో తెప్పలు నిలిపి, వానిపై తడిమట్టి పఱచి, మింకు అడుగుజాడ కనబడినచోట బోను పెట్టుచున్నారు. మింకు తొలగిన తావులకు పెంచిన యాఖువులను తెచ్చి విడుచుచున్నారు. కీల్డరు అడవిలో 2017 మొదలు అట్లే చేసిరి. ఏటవాలుగా కొఱికిన గడ్డికాడలు ఒడ్డున కుప్పగా నున్నచో, అది మరల కాపురము పెట్టినదని వారికి గుర్తు.