వార్తల్లో పదం: రీఅసార్ట్‌మెంట్
ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్‌ జన్యుపదార్థం 8 విడివిడి ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో చేరితే, అక్కడ పుట్టే కొత్త వైరస్‌లలో ఈ ముక్కలు కలగలిసిపోవచ్చు. అదే రీఅసార్ట్‌మెంట్‌. మనుషుల ఫ్లూ వైరస్‌లోకి పక్షుల వైరస్‌ నుంచి 1957లో 3 ముక్కలు, 1968లో 2 ముక్కలు వచ్చి చేరాయి, రెండూ మహమ్మారులయ్యాయి. ఇలాంటి కలయికల్లో చాలావరకు నిలదొక్కుకోలేవు కదా, ఎందుకీ కంగారు అనేవారున్నారు. నిజమే, ముక్కలు ఒకదానితో ఒకటి పొసగాలి, మన శ్వాసనాళ కణాలకు అతుక్కోవాలి, మనిషి నుంచి మనిషికి పాకాలి. కానీ వైరస్‌లు ఎదురుపడే సందర్భాలు పెరిగేకొద్దీ ఆ అరుదైన కలయికకూ వీలు పెరుగుతుంది. 2024లో అమెరికా పాడి ఆవుల్లో, 2025లో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్‌5ఎన్‌1 బర్డ్‌ ఫ్లూ వైరస్‌ బయటపడింది. అందుకే కోళ్లఫారాల కూలీలకు మామూలు ఫ్లూ టీకా తప్పక అందించాలంటాను. అది బర్డ్‌ ఫ్లూని ఆపదు. ఒకే ఒంట్లో రెండు వైరస్‌లు కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది.