తూర్పు కనుమల నల్లగొంతు జీనువాయి

తేమ గల కొండ అడవుల అంచులలో, గడ్డి మెండుగా పెరిగే చోట్ల గింజలు తిని జీవించే చిన్న పాటపక్షి నల్లగొంతు జీనువాయి. పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. జెర్డన్ 1863లో దీనిని శాస్త్రీయంగా వర్ణించి, సింహళ ప్రకృతి పరిశోధకుడు కెలార్ట్ పేరు పెట్టారు.

పశ్చిమ కనుమలు, శ్రీలంక, తూర్పు కనుమలు మాత్రమే దీని ఆవాసాలు. నడుమ మైదానాలు, సముద్రం అడ్డుగా ఉన్నందున మూడు చోట్లా వేర్వేరు ఉపజాతులు ఏర్పడినవి. శ్రీలంక పక్షి పొట్టపై మచ్చలుండగా, భారతదేశపు పక్షి పొట్ట గులాబీ ఛాయలో సాదాగా ఉంటుంది. తూర్పు కనుమల ఉపజాతికి 1933లో విస్లర్, కిన్నియర్ పేరు పెట్టారు. ఆ కనుమల పక్షి సర్వేకు తోడ్పడిన వెర్నే గౌరవార్థం అది వెర్నయి అయినది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు కొండలు దాని నెలవులలో ఒకటి.

జాతి మొత్తానికి అంతరించే ముప్పు లేదని ఐయూసీఎన్ వర్గీకరణ. అయితే తూర్పు కనుమలలో ఇది కనుమరుగైతే పశ్చిమ కనుమల నుండి వచ్చి ఆ లోటు తీర్చే అవకాశం దాదాపు లేదు.

దేశీయ పక్షుల వ్యాపారం చట్టరీత్యా నిషిద్ధం. పట్టుబడిన పక్షులన్నిటినీ ‘మునియాలు’ అని ఒకే పేరున నమోదు చేసినచో ఈ కొండ పక్షి లెక్కకు రాదు. మైదానపు చుక్కల జీనువాయిలతో కలిపి విడిచినచో తన కొండకు తిరిగి చేరదు. విడుదలకు ముందు పొట్టను పరిశీలించుట అవసరం.