ఒగ్గుకథకు సమష్టి సాధనే ప్రాణం

జనగామ: మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ గాథలను తరతరాలుగా తెలంగాణ పల్లెలకు వినిపిస్తున్న కళ ఒగ్గుకథ. శివుని డమరుకాన్ని పోలిన చిన్న వాద్యమే ఒగ్గు. కురుమ, యాదవ కులాలకు చెందిన ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, మల్లన్న పెళ్లి జరిపించి, ఆ కథను గానం చేస్తారు. సంక్రాంతి అనంతరం ఆరంభమై ఉగాది వరకు సాగే కొమురవెల్లి జాతరలో ఈ గానానిదే ప్రధాన స్థానం.

వంతపాటే వెన్నెముక

కథకుడు పాడిన చరణాన్ని వంతగాళ్లు అందుకుంటారు. ఆ వ్యవధిలోనే ఆయన ఊపిరి తీసుకుని తరువాతి ఘట్టాన్ని మనసులో కూర్చుకుంటాడు. పాట నుంచి మాటకు, మాట నుంచి ఆటకు మారేచోట డోలు, తాళాలు వెంటనే నడక మార్చాలి. ఒక్కరు తడబడినా కథ తెగుతుంది. ఈ మెలకువలు పుస్తకం చదివితే రావు. బృందంతో కూర్చుని పాడితేనే పట్టుబడతాయి.

మరుగున పడుతున్న ఘట్టాలు

జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను సభా వేదికలకు చేర్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు. ఆయన 2017లో కన్నుమూశారు. అటువంటి కళాకారుల గొంతు రికార్డులలో నిలుస్తుంది గాని, వంత అందుకునే నేర్పు నిలవదు. రాత్రంతా చెప్పవలసిన కథను వేదికపై గంటకు కుదించినప్పుడు వదిలేసిన ఘట్టాలు క్రమంగా నోటికి దూరమవుతాయి. జాతర లేని నెలల్లోనూ పెద్దల సరసన యువకులను కూర్చోబెట్టి పూర్తి కథను పాడిస్తేనే అవి మరో తరానికి అందుతాయి.