పెరిక్లీస్ గీసిన గీత

పాశ్చాత్య నాగరికతా చరిత్ర చదవబోయే పిల్లలకు నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: 'పౌరుడు'. ఊళ్ళో కాపురమున్న ప్రతివాడూ పౌరుడే అనుకొంటాము. ప్రాచీన ఏథెన్సులో అలా కాదు. స్త్రీలకు ఓటు లేదు. బానిసలకూ, పైనుంచి వచ్చి స్థిరపడ్డవారికీ అసలు పౌరసత్వమే లేదు.

అది చాలదన్నట్టు క్రీ. పూ. 451లో పెరిక్లీస్ ఒక చట్టం చేయించాడు: తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు వారైతేనే బిడ్డ పౌరుడు! తరువాత ఆయనే మిలేటస్ నుంచి వచ్చిన ఆస్పేషియాతో కాపురం పెట్టాడు. కొడుకు పుట్టాడు. తండ్రి చట్టం ప్రకారమే వాడు పరాయివాడు.

క్రీ. పూ. 430లో మొదలైన మహమ్మారి పెరిక్లీస్ మొదటి భార్య కన్న కొడుకులిద్దరినీ పొట్టన పెట్టుకొంది. వంశం నిలిపేవాడు లేక, అంతటి నాయకుడూ తన చట్టాన్ని సడలించమని ప్రజలను వేడుకొన్నాడు. వారు జాలిపడి ఆ పిల్లవాణ్ణి పౌరుల్లో చేర్చుకొన్నారు.

రోము క్రీ. శ. 212లో ఆ గీతను సామ్రాజ్యంలోని స్వతంత్రులందరి దాకా ఇంచుమించుగా జరిపింది. ఫ్రాన్సులో స్త్రీలకు ఓటుహక్కు 1944లోగాని రాలేదు. ఏ యుగం చదివినా ఆ గీత ఎక్కడుందో ముందు వెతకండి. దానికి అవతల నిలబడ్డవాడు మన బిడ్డే కావచ్చునని పెరిక్లీస్‌కు ఆలస్యంగా తెలిసింది.