తోలుపనిలో తంటాలు

కాలికి తొడిగే చెప్పు, నడుముకు పెట్టుకునే బెల్టు, మృదంగం మూత, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తయారయ్యే తోలుబొమ్మ: ఇవన్నీ జంతువు చర్మంతో చేసినవే. అయినా ఒకదానికీ ఒకదానికీ పోలిక లేదు. చెప్పు వంచితే వంగుతుంది. మృదంగం మూత బిగిసి మోగుతుంది. తోలుబొమ్మ వెనుక దీపం పెడితే వెలుతురు ఇవతలికి కనిపిస్తుంది. ఒకే వస్తువు ఇన్ని విధాలుగా ఎలా మారింది? ఈ సంగతి తెలుసుకుంటే, తోలుతో ఏదైనా చేయబోయినప్పుడు వచ్చే తంటాలలో సగం సులువుగా తీరిపోతాయి.

చర్మం పైకి ఒక రేకులాగ కనిపిస్తుంది గాని, నిజానికి అది సన్నని పోగుల అల్లిక. గుడ్డలో దారాలు నిలువుగా, అడ్డంగా మాత్రమే ఉంటాయి. చర్మంలో పోగులు అన్ని దిక్కులకూ పోయి ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఈ పోగులు కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో తయారైనవి. పచ్చి చర్మాన్ని తడిగా వదిలేస్తే కుళ్ళిపోతుంది. ఆరబెడితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి బిరుసెక్కుతుంది. తోలుబొమ్మకూ, మృదంగానికీ ఆ బిరుసే కావాలి. అందుచేత వాటికి చర్మాన్ని శుభ్రం చేసి, గీకి, లాగి ఆరబెడతారు.

చెప్పుకూ, సంచికీ అలా కాదు. అవి వంగాలి, కుళ్ళకూడదు. అందుకని చర్మాన్ని పదును చేస్తారు. మన దక్షిణదేశంలో ఇందుకు తంగేడు చెక్కనూ, కరక్కాయలనూ ఎంతో కాలంగా వాడుతున్నారు. కరక్కాయ ముక్క నోట్లో వేసుకుంటే నాలుక బిగబట్టినట్టు వగరుగా ఉంటుంది కదూ? ఆ వగరుకు కారణం టానిన్ అనే పదార్థం. నోట్లో అది ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుంటుంది. తొట్టెలో అదే టానిన్ చర్మంలోని పోగులను పట్టుకుని, అవి అంటుకుపోకుండా, కుళ్ళకుండా కాపాడుతుంది. నేడు లోకంలో ఎక్కువ తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తున్నారు. తోళ్ళను గురించి పరిశోధించడానికి 1948లో మద్రాసులో, అంటే నేటి చెన్నైలో, ఒక కేంద్ర సంస్థను స్థాపించారు. అది ఇప్పటికీ పని చేస్తున్నది.

చిల్లర సంచి

ఇక పనిలోకి దిగుదాం. చెప్పులు కుట్టేవారి దగ్గర మిగిలిన ముక్కలుంటాయి. 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. చెక్కతో పదును చేసినదైతే మేలు. దాన్ని గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉన్నది. కోసిన అంచును చూడండి. లోపల గోధుమరంగు ఉంటే సాధారణంగా అది చెక్కతో పదును చేసినది. నీలం కలిసిన బూడిదరంగు ఉంటే క్రోమియంతో చేసినది.

ముందు కాగితం మీద అదే కొలతలో బొమ్మ గీసి, కత్తిరించి, మడిచి చూసుకోండి. అడుగునుంచి 8 సెంటీమీటర్లు పైకి మడిస్తే సంచి అవుతుంది. మిగిలిన 4 సెంటీమీటర్లు మూత. కాగితం తప్పితే మరో కాగితం దొరుకుతుంది. తోలును కోసిన తరువాత తిరిగి అతికించలేము.

కోసేటప్పుడు అమ్మగాని, నాన్నగాని పక్కన ఉండాలి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, అందుకే అది జారి చేతిని కోస్తుంది. ఇనుప స్కేలు ఆనించి, ఒక్కసారే కోయాలని తొందరపడక, ఒకే గీత మీద మూడు నాలుగు సార్లు తేలికగా లాగండి. స్కేలు పట్టుకున్న వేళ్ళు కత్తి దారిలో ఉండకూడదు.

మడత దగ్గర పగుళ్ళు

ఎండిన తోలును ఉన్నపళంగా మడిస్తే పైపొర చిట్లుతుంది. మడత బయటి వైపు పోగులు సాగాలి, ఎండిన పోగులు జరగవు. మడిచేచోట తడిగుడ్డతో రెండు వైపులా అద్ది, కొద్దిసేపు ఆగి, నెమ్మదిగా వంచండి. తడి పోగుల మధ్యకు పోయి వాటిని జారనిస్తుంది. మడిచి, పైన బరువైన పుస్తకం పెట్టి నీడలో ఆరనిస్తే అవి ఆ వంపులోనే నిలిచిపోతాయి. పుస్తకానికీ తోలుకూ మధ్య పాత కాగితం ఉంచడం మరవకండి.

తోలు మీద బొమ్మ అద్దాలన్నా ఇదే కిటుకు. బాగా తడిగా ఉండగా నొక్కితే గుర్తు మళ్ళీ పైకి లేచిపోతుంది. ఎండిపోయాక నొక్కితే అసలు దిగదు. తడిపిన తోలు ఇంచుమించు తన రంగుకు తిరిగి వచ్చి, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు అద్దాలి. ఆ చల్లదనమే లోపల తడి ఉన్నదని చెబుతుంది.

నీటి మరకలు, నల్ల మచ్చలు

ఒక్కచోట నీళ్ళు పడి ఆరితే అంచున వలయంలాగ మరక ఏర్పడుతుంది. తోలులోని కరిగే పదార్థాలను నీరు మోసుకుపోయి, తడి ఆగినచోట వదిలేస్తుంది. అప్పుడు తోలు పైభాగమంతా ఒకే తీరున తడిపి నీడలో ఆరబెట్టండి. మరక చాలా వరకు కలిసిపోతుంది. ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని పెట్టవద్దు. తడితోలుకు వేడి తగిలితే పోగులు ముడుచుకుపోయి, తోలు బిరుసై, చిన్నదైపోతుంది. దానికి మళ్ళీ మందు లేదు.

తడితోలు మీద కత్తెరో, మేకో పెట్టి మరచిపోతే నల్లమచ్చ పడుతుంది. ఇది మురికి కాదు, సిరా! పూర్వం మనవాళ్ళు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లసిరా చేసుకునేవారు. అన్నభేదిలో ఇనుము ఉన్నది, కరక్కాయలో టానిన్ ఉన్నది. రెండూ కలిస్తే నలుపు. మీ తోలులో టానిన్ ముందే ఉన్నది, కత్తెర ఇనుమును ఇచ్చింది. మచ్చ తాజాగా ఉంటే నిమ్మరసం ఒక చుక్క అద్ది, అది వెలవగానే తడిగుడ్డతో తుడిచివేయండి.

కుట్టు తెగితే

తపాలా బిళ్ళలను ఎలా విడదీస్తామో తెలుసు కదా? రంధ్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుకనే అవి అక్కడ చిరుగుతాయి. తోలు మీద రంధ్రాలు మరీ దగ్గరగా పొడిస్తే మీ సంచి కూడా అలాగే చిరుగుతుంది. అంచుకు 4 మిల్లీమీటర్ల లోపలగా గీత గీసి, దాని మీద 5 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున గుర్తు పెట్టండి. పక్కకు 15 రంధ్రాలు సరిపోతాయి. కింద చెక్కపలక ఉంచి, చెప్పులు కుట్టే ఆరెను నిటారుగా పట్టుకుని పొడవండి. ఆరె వాలితే ముందు వైపు వరుస బాగుండి, వెనుక వైపు వంకరపోతుంది.

దారానికి తేనెమైనం పూయండి. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు, పైన సూదులు పట్టుకోవడానికి మరికొంత తీసుకోవాలి. 8 సెంటీమీటర్ల కుట్టుకు 50 సెంటీమీటర్ల దారం చాలు. దానికి రెండు చివరలా రెండు సూదులు ఎక్కించండి. ప్రతి రంధ్రంలోనూ ఒక సూది ఇటునుంచి అటు, రెండవది అటునుంచి ఇటు పోవాలి. ఇలా కుడితే ఒకచోట ఒక పోగు తెగినా రెండవ పోగు పట్టి ఉంచుతుంది. కుట్టు ముడతలు పడుతున్నదంటే దారాన్ని అతిగా లాగుతున్నారన్నమాట. రెండు పొరలూ ఆనుకుంటే చాలును.

అంచు నూలుపోగుల్లాగ రేగితే కొంచెం తడిచేసి, నున్నటి కర్రతో వేగంగా రుద్దండి. పోగులు అణగి మెరుపు వస్తుంది. తోలు పెళుసుగా తోస్తే గుడ్డకు ఆముదం రవ్వంత అంటించి పలుచగా రాయండి. రంగు కొంచెం ముదురుతుంది, అందుకని ముందు పనికిరాని ముక్క మీద రాసి చూడండి. వానాకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి, గాలి తగిలే నీడలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే బూజు మళ్ళీ వస్తుంది.

ఎవరిని అడగాలి?

ఇంత చెప్పినా మీ మొదటి సంచి వంకరగానే రావచ్చు. దాన్ని పారవేయకండి. ఎక్కడ పగిలిందో, ఎక్కడ మరక పడిందో చూసి, ఎందుకైందో ఆలోచించండి. తరువాత దాన్ని తీసుకుని మీ వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు వెళ్ళి, "పెద్దయ్యా, ఇది ఎందుకు ఇట్లా అయింది?" అని అడగండి. ఆయన ముక్కను వేళ్ళతో వంచి, గోటితో నొక్కి చూసి కారణం చెప్పగలడు. టానిన్, కొల్లాజెన్ అనే పేర్లు ఆయన వాడకపోవచ్చు. కాని ఏ తోలుకు ఎంత తడి కావాలో, ఏ దారాన్ని ఎంత లాగాలో ఆయన చేతులకు తెలుసు.

మన దేశంలో ఈ పని చేసేవారిని తరతరాలుగా దూరంగా ఉంచారు. వారు కుట్టిన చెప్పులు తొడుక్కుని, వారు మూసిన మృదంగం విని ఆనందించిన వాళ్ళే వారిని తక్కువగా చూశారు. అది ఎంత అన్యాయమో చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. పదిహేను రంధ్రాలు ఒక్క వరుసలో సరిగా పొడిచి చూడండి, ఆ పనికి ఎంత నేర్పు కావాలో మీకే తెలుస్తుంది. నేర్పినందుకు ఆయనకు దండం పెట్టి, రెండవ సంచి మొదలుపెట్టండి. అది తప్పక మొదటిదానికంటె బాగా వస్తుంది.